చెడ్డలోకం ఎవరి భవిష్యత్తు, ఎవరి గతం?
డిస్టోపియా కథలు, కలియుగం, వెలివాడ

రాబోయే కాలం ఎంత ఘోరంగా ఉంటుందో ఊహించి రాసే కథలకు, నవలలకు ఇంగ్లీషు సాహిత్యంలో డిస్టోపియా అని పేరు. విశ్వవిద్యాలయాల్లో దీన్నొక సాహిత్య శాఖగా పాఠం చెప్తారు. ఆ పాఠం ఎక్కువగా ఒకే తీరుగా సాగుతుంది. యూరప్‌లో యంత్రాలు వచ్చాయి, రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి, నియంతలు వచ్చారు, రచయితలకు రేపటి మీద నమ్మకం పోయింది, ఈ నవలలు పుట్టాయి అంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని వెలివాడ నుంచి వచ్చి ఆ బెంచీ మీద కూచున్న విద్యార్థికి ఒక అనుమానం రాక తప్పదు. ఊరి బయట బతకడం, పుట్టుకతోనే పని ఖాయం కావడం, మనిషికి సరైన పేరు లేకపోవడం, చదువు నిషేధం, ఎప్పుడూ ఎవరిదో ఒకరి కన్ను మీద ఉండటం ఆ నవలల్లో రేపటి భయాలు. మన తాతముత్తాతలకు ఇవి నిన్నటి సంగతులు గదా? మరి ఈ పాఠంలో వాళ్ళు ఎక్కడున్నారు?

ఈ అనుమానాన్ని చరిత్ర వైపు నుంచి విప్పి చూడటమే ఈ వ్యాసం పని. ఈ నవలల లక్షణాలేమిటో కొత్తగా చదివేవాళ్ళకు చెప్పాలి. ఆ లక్షణాలను మన నేల మీద పెట్టి చూడాలి. నేల అంటే ఇక్కడ కర్నూలు జిల్లా పడమటి అంచు. ఉరుకుంద, కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం. తెలుగు, కన్నడం కలిసిపోయి, వీధిని గేరి అని పిలిచే చోటు.

మాట ఎట్లా పుట్టింది

1516లో థామస్ మోర్ 'యుటోపియా' రాశాడు. ఎక్కడా లేని చోటు అని ఆ మాటకు అర్థం. ఆస్తి లేని, ఆకలి లేని ద్వీపమొకటి ఊహించాడు. డిస్టోపియా దానికి ఎదురు మాట. చెడ్డచోటు అని అర్థం. ఈ మాట మొదట వాడుకలోకి తెచ్చినవాళ్ళలో జాన్ స్టువర్ట్ మిల్ ముఖ్యుడు. అది నవల గురించి కాదు. 1868లో బ్రిటిష్ పార్లమెంటులో ఐర్లండ్ పరిస్థితి మీద చర్చ జరుగుతుంటే, ప్రభుత్వ విధానాన్ని తప్పుబడుతూ ఆయన ఈ మాట అన్నాడు. కలలు కనేవాళ్ళని యుటోపియన్లు అంటారు, ఆచరణకు కూడని చెడ్డను కోరేవాళ్ళని డిస్టోపియన్లు అనాలి అనే ధోరణిలో మాట్లాడాడు. అంటే ఈ మాట పుట్టింది కథల అరుగు మీద కాదు. ఇంకొకరి ఏలుబడిలో నలుగుతున్న దేశం గురించిన రాజకీయ చర్చలో పుట్టింది. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే ముందుకు పోవడం సులువు.

కలియుగం: ఎవరి పీడకల?

మన దేశంలో మాట కొత్తదే గాని ఊహ పాతది. మహాభారతం అరణ్యపర్వంలో, విష్ణుపురాణంలో, భాగవతం పన్నెండో స్కంధంలో కలియుగ వర్ణన ఉంది. వానలు సరిగా పడవు, మనుషుల ఆయుస్సు తగ్గుతుంది, రాజులు దొంగలవుతారు, పన్నులు పీల్చేస్తారు. ఇంతవరకు ఏ పేదవాడైనా భయపడేవే. కాని అదే జాబితాలో ఇంకో రకం భయాలున్నాయి. శూద్రులు ఎత్తయిన పీట మీద కూచొని ధర్మం చెప్తారు, బ్రాహ్మణులు వాళ్ళకు సేవ చేస్తారు, వర్ణాలు కలిసిపోతాయి, ఆడవాళ్ళు మాట వినరు. కరువునూ కింది కులాల చదువునూ ఒకే పట్టీలో, ఒకే కీడుగా రాశారు. ఇక్కడే ఆగి అడగాలి. కింది కులాలవాడు పీట మీద కూచోవడం ఎవరికి చెడ్డకాలం?

చరిత్రకారుడు ఆర్.ఎస్. శర్మ కలియుగ వర్ణనలను ఊరికే జోస్యంగా చూడలేదు. 1982లో అచ్చయిన వ్యాసంలో ఆయన వాటిని ఒక సామాజిక సంక్షోభానికి సాక్ష్యంగా చదివాడు. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల ప్రాంతంలో కింది వర్ణాలు పన్ను కట్టడానికి, చాకిరీ చెయ్యడానికి ఎదురు తిరిగిన గుర్తులు వాటిలో ఉన్నాయని వాదించాడు. ఆ వాదనతో అందరూ ఏకీభవించకపోవచ్చు. కాని చదివే పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది. పైవాడి పీడకలలో కిందివాడి తిరుగుబాటు దాక్కొని ఉంటుంది.

అంబేడ్కర్ కూడా ఈ యుగాల లెక్కను వదిలిపెట్టలేదు. ఆయన చనిపోయాక 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చువేసిన 'రిడిల్స్ ఇన్ హిందూయిజం'లో కలియుగం మీద విచారణ ఉంది. ఈ యుగాన్ని అంతం లేకుండా ఎందుకు సాగదీశారని ఆయన అడుగుతాడు. అంతం లేని చెడ్డకాలం అని నమ్మిస్తే జనం మార్పు కోసం పెనుగులాడరు, అవతారం కోసం ఎదురుచూస్తారు. ఆ అవతారం కల్కి. శంబల గ్రామంలో బ్రాహ్మణుడి ఇంట పుట్టి, దుష్టులను చంపి, చెదిరిన ధర్మాన్ని మళ్ళీ నిలబెడతాడని పురాణం. నిలబెట్టే ధర్మం ఏదో వేరే చెప్పనక్కర్లేదు.

కాలజ్ఞానం: రెండు గొంతులు

రాయలసీమలో ఈ కలియుగపు ఊహ ఇంకో తోవ పట్టింది. పోతులూరి వీరబ్రహ్మం గారి కాలజ్ఞానం దానికి గుర్తు. బనగానపల్లెలో ఆవులు కాస్తూ రవ్వలకొండ గుహలో కూచొని కాలజ్ఞానం రాశాడని, తర్వాత కందిమల్లాయపల్లెలో మఠం పెట్టాడని సంప్రదాయం. చేతిపని చేసే విశ్వబ్రాహ్మణుల మధ్య పెరిగిన సంప్రదాయం ఇది. శిష్యుల్లో సిద్దయ్య దూదేకుల ముస్లిం, కక్కయ్య మాదిగ. కరువులు, రాజుల పతనం, కులాల తారుమారు కాలజ్ఞానంలోనూ ఉన్నాయి. కాని చెప్పే నోరు మారింది, వినే చెవులు మారాయి. పురాణంలో భయంగా వినిపించిన మాటనే జాతరలో కాలజ్ఞానం పుస్తకం కొనుక్కున్న కూలివాడు ఆశగా వినొచ్చు. 'తారుమారవుతుంది' అంటే పైనున్నవాడికి గుండె జారుతుంది, కిందున్నవాడికి ఊపిరాడుతుంది.

అయితే కాలజ్ఞానాన్ని పూర్తిగా ధిక్కార గ్రంథమని చెప్పడానికీ లేదు. ఒక్కో అచ్చుకూ ఒక్కో జోస్యం చేరింది, మారింది. వర్ణధర్మం చెడిపోతుందన్న పాత ఏడుపు కూడా అందులో మిగిలింది. 1984లో ఎన్.టి. రామారావు వీరబ్రహ్మంగా నటించిన సినిమా వచ్చి ఊరూరా ఆడింది. ఆర్వెల్ నవల పేరూ ఆ ఏడాదీ ఒకటి కావడం యాదృచ్ఛికమే. కాని భవిష్యత్తును గురించిన రెండు ఊహలు ఆ అంకె దగ్గర కలుసుకున్నాయి. ఒకటి జోస్యం, ఇంకోటి హెచ్చరిక. జోస్యం జరిగి తీరుతుంది అంటుంది. హెచ్చరిక ఆపకపోతే జరుగుతుంది అంటుంది. డిస్టోపియా నవల హెచ్చరిక జాతికి చెందింది. ఉద్యమంలో పనిచేసేవాళ్ళకు ఈ తేడా ముఖ్యం.

ఆ నవలల లక్షణాలు

ఇప్పుడు అసలు నవలల్లోకి పోదాం. రష్యన్ రచయిత జమ్యాతిన్ 'మేము' అనే నవల 1920, 21లలో రాశాడు. అది మొదట 1924లో ఇంగ్లీషు అనువాదంగా వెలువడింది. తర్వాత ఆల్డస్ హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' (1932), జార్జ్ ఆర్వెల్ '1984' (1949), రే బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451' (1953), మార్గరెట్ అట్‌వుడ్ 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' (1985). వీటిలో మళ్ళీ మళ్ళీ కనిపించే లక్షణాలను మన అనుభవం పక్కన పెట్టి చూద్దాం.

మొదటిది గోడ. జమ్యాతిన్ నగరం చుట్టూ పచ్చగోడ ఉంటుంది, దాని అవతలికి పోకూడదు. ప్రయాగ్ అక్బర్ 2017 నవల 'లైలా'లో శుద్ధి పేరుతో ఒక్కో సమూహానికి ఒక్కో గోడ. మన ఊళ్ళలో గోడ కట్టే ఖర్చు కూడా లేకుండా ఆ పని జరిగింది. మాలగేరి, మాదిగగేరి ఎక్కడుండాలో ముందే ఖాయం. ఎక్కడన్నా గోడ కూడా కట్టారు. తమిళనాడు మదురై జిల్లా ఉత్తపురంలో 1989లో కట్టిన గోడలో కొంత భాగాన్ని 2008లో గాని కూల్చలేదు.

రెండోది పుట్టుకతో పని. హక్స్‌లీ లోకంలో మనుషులు సీసాల్లో తయారవుతారు. ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ దాకా ఐదు మెట్లు. కింది మెట్టు పిండానికి ప్రాణవాయువు తగ్గించి మెదడు ఎదగకుండా చేస్తారు. డెల్టా పసిపిల్లల ముందు పుస్తకాలు, పూలు పెట్టి, పట్టుకోగానే కరెంటు షాక్ ఇస్తారు. జన్మంతా పుస్తకమంటే భయపడాలని. ఈ మెట్లకు హక్స్‌లీ వాడిన మాట కులం అనే అర్థమిచ్చే 'క్యాస్ట్'. ఆయన 1925, 26లలో మన దేశం తిరిగి 1926లో ప్రయాణ పుస్తకం రాసినవాడు కూడా. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇదే. పైకి పోయేకొద్దీ గౌరవం, కిందికి వచ్చేకొద్దీ అసహ్యం. ప్రతి మెట్టువాడికీ తొక్కడానికి కింద ఇంకో మెట్టు ఉంటుంది కాబట్టి ఎవడూ నిచ్చెనను విరగ్గొట్టడు. హక్స్‌లీ సీసాలతో సాధించినదాన్ని ఇక్కడ పెళ్ళి సంబంధాలతోనే సాధించారు.

మూడోది పేరు, భాష, బట్ట. జమ్యాతిన్ మనుషులకు పేర్లుండవు, నంబర్లుంటాయి. అట్‌వుడ్ నవలలో ఆడమనిషిని ఆమె యజమాని పేరుతో పిలుస్తారు, రంగును బట్టి బట్ట. ఆర్వెల్ రాజ్యం మాటలనే తగ్గించేస్తుంది, మాట లేకపోతే తిరుగుబాటు ఆలోచనే రాదని. మన దగ్గర హనుమంతప్ప ఊర్లోకి పోతే హనుమంతుగాడు అయ్యేవాడు. నంబరు కంటే ఇదేం మేలు? బట్ట సంగతి అంబేడ్కర్ 'కుల నిర్మూలన' (1936)లోనే ఉంది. ఇందూరు ప్రాంతంలో బలాయీలకు 1928లో పై కులాలవాళ్ళు పెట్టిన షరతులను ఆయన వివరించాడు. జరీ అంచు తలపాగా కట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు, ఆడవాళ్ళు వెండి బంగారం పెట్టుకోకూడదు.

నాలుగోది పుస్తకం. బ్రాడ్‌బరీ లోకంలో ఫైర్ మనుషులు మంటలు ఆర్పరు, పుస్తకాలు తగలబెడతారు. గౌతమ ధర్మసూత్రం అంతదాకా కూడా పోలేదు. వేదం విన్న శూద్రుడి చెవిలో కరిగించిన తగరం, లక్క పోయమంది. అక్కడ పుస్తకాన్ని తగలబెట్టారు, ఇక్కడ చెవినే తగలబెట్టారు. అందుకే మన చరిత్రలో ఒక మంటకు అర్థం తిరగబడింది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేడ్కర్ ఆధ్వర్యాన మనుస్మృతిని తగలబెట్టారు. బ్రాడ్‌బరీని చదివి ఏ పుస్తకాన్ని తగలబెట్టినా తప్పే అనేవాళ్ళు, ఎవరు ఎవరి మీద ఏ అధికారంతో తగలబెట్టారని కూడా అడగాలి. బ్రాడ్‌బరీ నవల చివర కొందరు పుస్తకాలను కంఠస్థం చేసి మోసుకు తిరుగుతారు. మాదిగల జాంబపురాణాన్ని డక్కలివాళ్ళు, చిందువాళ్ళు నోటితో, పటంతో మోసుకొచ్చింది అట్లాగే.

ఐదోది ఆడదాని ఒళ్ళు. తన నవలలో ఎక్కడో ఒకచోట చరిత్రలో జరగనిదాన్ని చేర్చలేదని అట్‌వుడ్ చెప్పింది. ఆమె ఉద్దేశంలో మన బసివి ఉందో లేదో గాని, ఆ మాట మనకు వర్తిస్తుంది. ఆదోని, బళ్ళారి వైపు దేవుడి పేరు చెప్పి ఆడపిల్లను బసివిగా వదిలేవాళ్ళు. ఆమెకు పెళ్ళి ఉండదు. ఊరి పెద్దలకు మాత్రం ఆమె మీద హక్కు ఉంటుంది. ఎక్కువమంది దళిత ఇళ్ళ పిల్లలే. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. బసివి, జోగిని, మాతమ్మ లాంటి పేర్లన్నీ ఆ చట్టంలో రాయాల్సి వచ్చింది. ఒక్క పనికి అన్ని పేర్లు!

ఆరోది ఒప్పుకోలు. భయం ఒక్కటే పెట్టి ఏ రాజ్యమూ ఎక్కువ రోజులు నడవదు. హక్స్‌లీ జనం సోమ అనే మాత్ర మింగి నవ్వుతుంటారు. మన జనానికి కర్మ సిద్ధాంతం ఇచ్చారు. ఈ జన్మ బాధకు కారణం కళ్ళముందున్న దొర కాదు, కనపడని పోయిన జన్మ.

నవలకు ముందే జరిగినవి

ఏడో లక్షణం నిఘా. దాన్ని వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పోలిక కాదు, నేరుగా చరిత్రే ఉంది. 1871లో బ్రిటిష్‌వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఒక తెగలో పుట్టడమే నేరం. పేరు రిజిస్టర్‌లో, వేలిముద్ర పోలీసు దగ్గర. చెప్పిన వేళకు హాజరు వెయ్యాలి, ఊరు దాటితే చీటీ ఉండాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉండేది. ఎరుకలవాళ్ళను తెచ్చి పెట్టిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు 1910లలో మొదలైంది, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. ఈ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఆర్వెల్ నవల 1949లో వచ్చింది. అంటే ప్రపంచం ఆ నవల చదివి వణుకుతున్న రోజుల్లో ఇక్కడ మనుషులు ఇంకా హాజరు వేస్తూనే ఉన్నారు. ఆర్వెల్ మోతీహారిలో పుట్టి, 1922 నుంచి 1927 దాకా బర్మాలో సామ్రాజ్య పోలీసు ఉద్యోగం చేసినవాడు. నిఘా రాజ్యం లోపలినుంచి ఎట్లా ఉంటుందో ఆయనకు యూరప్ నియంతలకు ముందే తెలుసు. పాఠాల్లో ఈ ముక్క తక్కువగా చెప్తారు.

ఇంకొకటి కరువు. 1876 నుంచి 1878 దాకా ధాత సంవత్సరపు కరువు వచ్చినప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గాని కర్నూలులో కలవలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి, కర్నూలు రెండూ ఉన్నాయి. ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనుల కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలని తగ్గించాడు. అది మనిషిని బతికించదని ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. నాజీల బుకెన్‌వాల్డ్ శిబిరంలో ఇచ్చిన తిండి కంటే కూడా ఆ కూలి తిండిలో శక్తి తక్కువని మైక్ డేవిస్ 2001 నాటి పుస్తకంలో లెక్క వేసి చూపాడు. భూమి లేనివాడు, నిలవ గింజ లేనివాడు ముందు చచ్చాడు. ఎవరో వేరే చెప్పాలా?

తేడా ఎక్కడ వస్తుంది

ఇన్ని పోలికలు చెప్పాక ఈ నవలల లోపం కూడా చెప్పాలి. వీటిలో హీరో ఎక్కువగా నడిమి మెట్టువాడు. జమ్యాతిన్ హీరో ఇంజనీరు. ఆర్వెల్ విన్‌స్టన్ ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగి. ఒకప్పుడు తనకున్న స్వేచ్ఛ పోయిందని వాడి బాధ. ఒంటరిగా తిరగబడతాడు, ఒంటరిగా విరిగిపోతాడు. '1984'లో జనాభాలో 85 శాతం 'ప్రోల్స్' అనే శ్రామికులు. ఆశంటూ ఉంటే వాళ్ళలోనే ఉందని విన్‌స్టన్ రాసుకుంటాడు. కాని నవల వాళ్ళను కిటికీలోంచి, సారాయంగడిలోంచి చూస్తుంది గాని వాళ్ళ ఇంట్లోకి పోయి కూచోదు. చెడ్డలోకం అంటే ఈ నవలల్లో మర్యాదస్తుడు కిందికి జారడం. జారడానికి కింద ముందునుంచీ ఎవరో ఉన్నారనేది కథకు అక్కర్లేదు.

ఈ లోపాన్ని నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ పట్టుకుంది. 1993లో వచ్చిన 'పారబుల్ ఆఫ్ ది సోవర్' కథ 2024లో మొదలవుతుంది. అందులో నల్లమ్మాయి లారెన్ గోడ కూలాక ఏడుస్తూ కూచోదు. దారిలో దొరికిన అనాథలను, బానిస బతుకు నుంచి పారిపోయినవాళ్ళను కూడగట్టుకొని నడుస్తుంది, కొత్త ఊరు కడుతుంది. బానిసత్వం చూసిన జాతికి లోకం అంతం కావడం కొత్త కాదు, దాన్ని దాటి బతకడం తెలుసు. ఫూలే 1873లో 'గులాంగిరి'ని అమెరికాలో బానిసత్వం పోవడానికి పోరాడినవాళ్ళకు అంకితమిచ్చాడు. ఆ చుట్టరికం ఇప్పటికీ పనికొస్తుంది.

మన తెలుగులో 2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. నాగ్ అశ్విన్ తీసిన ఈ సినిమాలో ఎండిపోయిన కాశీ మీద కాంప్లెక్స్ అనే కోట. నీళ్ళు, పచ్చదనం అన్నీ పైన, కరువంతా కింద. ఆడవాళ్ళ గర్భాలు ప్రయోగశాలలో. పశ్చిమ డిస్టోపియా లక్షణాలన్నీ ఉన్నాయి. కాని విముక్తి మాత్రం పురాణం నుంచే రావాలి. కిందున్న జనం కూడబలుక్కొని ఆ కోటను దించడం కథకు కేంద్రం కాదు, అవతారం పుట్టడం కేంద్రం. కలియుగం వర్ణన ఎవరి భయమో అడగకుండా దాన్ని భవిష్యత్తులోకి మోసుకుపోతే, దానితోపాటు పాత ధర్మం కూడా ప్రయాణం చేస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి ఆంధ్ర, కర్ణాటక, తెలంగాణ నుంచి లక్షల జనం వస్తారు. అదే ప్రాంతంలో కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు మండలాల గేరీలు సుగ్గి కాలానికి ఖాళీ అవుతాయి. మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు, కూలికి బెంగళూరు వైపు పోతారు. తాళం వేసిన ఇళ్ళు, ముసలివాళ్ళు మిగులుతారు. బడి పిల్లలు కూడా మూటతోపాటే పోతారు. రేషను షాపులో మిషను మీద వేలు పెడితే, పత్తి తీసి తీసి అరిగిన వేలిముద్ర పడదు. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనుల్లో ఫోటో తీసి యాప్‌లో హాజరు పంపడం తప్పనిసరి చేశారు. సిగ్నలు లేకపోతే చేసిన పని చెయ్యనట్టే. నేరస్థ తెగల రిజిస్టరూ ఇదీ ఒకటేనని అనడం లేదు. అది శిక్ష కోసం పెట్టింది, ఇది హక్కు ఇవ్వడానికని పెట్టింది. కాని రెండింట్లోనూ పేదవాడి మాటకు విలువ లేదు, వాడి వేలు మాత్రమే సాక్ష్యం. ఈ తేడానూ ఈ పోలికనూ రెండింటినీ చూడగలగడమే డిస్టోపియా నవలలు మనకు నేర్పాల్సిన విద్య.

అందుకే ఈ నవలలను మన విద్యార్థులు చదవాలి. జంటగా చదవాలి. హక్స్‌లీ పక్కన 'కుల నిర్మూలన', ఆర్వెల్ పక్కన నేరస్థ తెగల చట్టం, అట్‌వుడ్ పక్కన 1988 చట్టం పెట్టుకోవాలి. ఉపాధ్యాయులు క్లాసులో అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇట్లా జరిగితే ఎట్లా?' అని కాదు, 'ఇది ఎవరికి ఇప్పటికే జరిగింది?' అని. కార్యకర్తలు గేరీల్లో ముసలివాళ్ళ దగ్గర సుగ్గి కథలు, కరువు మాటలు, బసివిగా బతికిన అమ్మల అనుభవాలు వాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టుకోవాలి. మన యువ రచయితలు రేపటి కథ రాయబోయే ముందు ఆ కాగితాలు చదవాలి. రవిదాసు దుఃఖం లేని ఊరు బేగంపురాన్ని ఊహించింది చర్మం పని చేసుకుంటూనే. చెడ్డచోటు ఎట్లా ఉంటుందో అంత బాగా తెలిసినవాళ్ళే మంచిచోటుకు కొలతలు గీయగలరు. ఆ కొలతలు ఇంకా ఎవరూ మన నుంచి అడగలేదు. అడిగేదాకా ఆగనక్కర్లేదు.